పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళ అసెంబ్లీ ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు జిరాక్సు దుకాణం ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాం. ఎన్నికలు దగ్గరపడితే పొద్దున షట్టరు ఎత్తేసరికే ఓటరు కార్డులు పట్టుకుని నలుగురైదుగురు గుమ్మం దగ్గర ఉంటారు. ఎక్కువమంది మనవాళ్ళే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, చుట్టరికాలేమో పాతపట్నం, టెక్కలి, పార్వతీపురం. అడిగేవి కూడా దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్ళందరికీ పనికొస్తాయి.

మాది ఏ నియోజకవర్గం? ఎలా తెలుసుకోవాలి?

ఒడిశా అసెంబ్లీలో 147 సీట్లు, లోక్‌సభకు 21. గజపతి జిల్లాకు అసెంబ్లీ సీట్లు రెండే, పర్లాకిమిడి, మోహన. పర్లాకిమిడి టౌను, గోసాని, కాశీనగర్ వాళ్ళది పర్లాకిమిడి సీటు. ఈ రెండూ బరంపురం లోక్‌సభ సీటులోకి వస్తాయి. ఛత్రపురం, గోపాలపూర్, బరంపురం, దిగపహండి, చికిటి కూడా అందులోవే, మొత్తం ఏడు. 1996లో పి.వి. నరసింహారావు గారు ఈ బరంపురం నుంచే గెలిచారు. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

గుణుపూర్, బిస్సం కటక్, రాయగడ, పొట్టంగి, జయపురం వాళ్ళు కోరాపుట్ లోక్‌సభ కింద ఉన్నారు. మల్కన్‌గిరి, చిత్రకొండ, కోట్‌పాడ్ వాళ్ళు నవరంగపూర్ కింద. ఇప్పుడున్న హద్దులు 2008లో గీసినవి. 2009 ఎన్నికలు మొదటిసారి వాటి ప్రకారం జరిగాయి.

ఇక్కడ ఒక తికమక ఉంది, జాగ్రత్త. గజపతి జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకు ఉంది. పక్కన రాయగడ అని ఏకంగా ఒక జిల్లా, ఒక అసెంబ్లీ సీటు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నియోజకవర్గం ఎంచుకునే చోట పేరు చూసి గబుక్కున రాయగడ నొక్కేస్తారు. అప్లికేషన్ వేరే జిల్లా ఆఫీసరుకి వెళ్ళి అక్కడ రిజెక్టు అయి కూర్చుంటుంది. ముందు జిల్లా పేరు చూడండి, తర్వాతే సీటు పేరు.

ఓటరు కార్డు చేతిలో ఉంటే ఇదంతా అక్కర్లేదు. కార్డు మీదున్న నంబరును ఎన్నికల సంఘం యాప్‌లో కొడితే నియోజకవర్గం, భాగం నంబరు, క్రమసంఖ్య, బూతు పేరు అన్నీ వస్తాయి. ఫోను వాడనివాళ్ళు 1950కి ఫోను చేసి అడగొచ్చు.

మాది ఎస్టీ రిజర్వుడ్ సీటు. మేము ఎస్టీలం కాదు. మాకు ఓటు ఉంటుందా?

ఉంటుంది. రిజర్వేషన్ పోటీ చేసేవాళ్ళకే, ఓటు వేసేవాళ్ళకు కాదు. మోహన, గుణుపూర్, రాయగడ, పొట్టంగి ఎస్టీ సీట్లు, ఛత్రపురం, కోరాపుట్ ఎస్సీ సీట్లు. ఆ సీట్లలో జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ ఓటు వేయొచ్చు.

ఆంధ్రాలో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నాయి. రెండూ ఉంచుకోవచ్చా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. గొంతు తగ్గించి అడుగుతారు. జవాబు మాత్రం గట్టిగానే చెప్పాలి. ఉంచుకోకూడదు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే, అదీ ఒక్కసారే ఉండాలి. ఫారం నింపేటప్పుడు ఇంకెక్కడా ఓటు లేదని సంతకం పెడతాం. తెలిసి అబద్ధం రాస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండు చోట్లా వేస్తే 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం రెండు ఓట్లూ చెల్లవు.

ఇంతమందికి రెండు చోట్ల పేర్లు ఎలా వచ్చాయంటే, చాలామంది తప్పు చేయాలని చేసింది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత ఇటు, కొంత అటు పోయింది. ఇల్లు ఇటుంటే పొలం అటు. పుట్టిల్లు అటుంటే అత్తిల్లు ఇటు. అటు పుట్టింట్లో ఉన్న పేరు తీయించరు, ఇటు అత్తారింట్లో కొత్తగా రాయిస్తారు. అప్పుడు రెండు కార్డులు వస్తాయి.

ఆంధ్రా ఓటు తీసేస్తే అక్కడి రేషన్, పింఛను పోతాయేమోనన్న భయం ఇంకొకటి. ఓటరు జాబితా వేరు, రేషన్ కార్డుల జాబితా వేరు. ఒకదాంట్లో పేరు తీస్తే రెండోదాంట్లో దానంతట అది పోదు. అయితే ఏ రాష్ట్రం పథకమైనా అక్కడ నివాసం ఉన్నవాళ్ళ కోసమే కదా. అది మీరే ఆలోచించుకోవాలి.

మీరు నిజంగా కాపురం ఉంటున్న చోట పేరు ఉంచుకోండి. రెండో చోటి పేరు తీసేయమని ఫారం 7 పెట్టండి. ఎవరూ తిట్టరు. మీ అంతట మీరు వచ్చి తీయించుకుంటే ఆఫీసులో సంతోషిస్తారు కూడా. నేను చాలామందికి పెట్టాను.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న, రెండుసార్లూ ఆంధ్రాలోనూ మన బరంపురం, కోరాపుట్ సీట్లలోనూ ఒకే రోజు పోలింగు జరిగింది. పొద్దున ఇక్కడ వేసి, ఆటో ఎక్కి మధ్యాహ్నానికి పాతపట్నం వెళ్ళి వేద్దామనుకునేవాళ్ళకి వేలి మీద సిరా అలాగే ఉంటుంది. అదేం పోయే సిరా కాదు.

మరి కొటియా ఊళ్ళవాళ్ళు రెండు వైపులా వేస్తారు కదా?

కొటియా సంగతి వేరు. అక్కడి ఊళ్ళను ఒడిశా తన కోరాపుట్ జిల్లా పొట్టంగి కింద, ఆంధ్రా తన సాలూరు కింద చూపిస్తాయి. ఈ తగాదా మీద ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్ళీ కోర్టుకెక్కింది. 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ జరిగింది. కొందరు రెండు చోట్లా వేశారని అప్పుడు పేపర్లలో వచ్చింది. కొండ మీద బతికే ఆ జనానికి రెండు రాష్ట్రాలూ కార్డులిస్తుంటే ఏది వద్దంటారు? వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో మన ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందనే తగాదా లేదు. కొటియాను చూపించి మనం రెండు ఓట్లు ఉంచుకోవడం కుదరదు.

మా కోడలిది టెక్కలి. ఓటు ఇక్కడికి మార్చాలి. కొత్తగా ఫారం 6 పెట్టాలా?

వద్దు. ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్ళకి. ఇదివరకే కార్డున్నవాళ్ళు ఇల్లు మారితే, రాష్ట్రం మారినా సరే, ఫారం 8 పెట్టాలి. కార్డు నంబరు అదే ఉంటుంది, అక్కడి పేరు ఇక్కడికి వస్తుంది. కొత్తగా ఫారం 6 పెడితేనే రెండు కార్డుల గొడవ మొదలయ్యేది.

ఇక్కడి చిరునామాకు రుజువు కావాలి. ఆధార్‌లో ఇంకా టెక్కలి అడ్రసే ఉంటే ముందు అది మార్పించుకోవడం మేలు. తండ్రి పేరు బదులు భర్త పేరు కావాలన్నా ఫారం 8లోనే రాయొచ్చు. తండ్రి పేరే ఉంచుకుంటానన్నా పరవాలేదు, పెళ్ళయింది కాబట్టి మార్చి తీరాలని రూలేం లేదు.

జాబితాలో నా పేరు తప్పుగా పడింది. ఓటు వేయనిస్తారా?

అక్షరం అటూ ఇటూ అయితే వేయనిస్తారు. ఫోటో, నంబరు, మనిషి సరిపోతే చిన్న తప్పు చూసి పంపించేయకూడదని ఎన్నికల సంఘమే చెప్పింది. అయినా సరే, తప్పును అలాగే వదిలేయకండి.

మన పేర్లు ఎక్కడ చెడిపోతాయో నాకు రోజూ కళ్ళముందు కనబడుతుంది. ఆన్‌లైన్ ఫారంలో పేరు ఇంగ్లీషులో కొడితే, పక్క గడిలో ఒడియా పేరు దానంతట అదే పడుతుంది. వెంకటరావు అని కొడితే 'భెంకట రావ్' వస్తుంది. ఒడియాలో ఇంగ్లీషు వీ అక్షరానికి 'భ' రాసే అలవాటు ఉంది. అప్పన్న 'ఆపన్నా' అవుతాడు. మనకున్న ఎ, ఏ తేడా ఒడియాలో లేదు. ఇంటిపేరు మనం ముందు పెడతాం, ఫారం చివర అడుగుతుంది. భార్య కార్డులో ఇంటిపేరు ముందు, భర్త కార్డులో వెనక పడితే, లెక్కకి ఇద్దరూ వేర్వేరు కుటుంబాలవాళ్ళలా కనబడతారు.

ఆ ఒడియా గడి లాక్ అయి ఉండదు. చేత్తో సరిదిద్దుకోవచ్చు. సబ్మిట్ నొక్కేముందు ఆ ఒక్క గడిని పైకి చదవండి. చదవడం రాకపోతే వచ్చినవాళ్ళతో చదివించుకోండి. అప్పుడు రెండు నిమిషాలు ఓపిక పడితే, తర్వాత ఆరు నెలలు తిరగక్కర్లేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక 1936లో ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం. కాగితం ఒడియాలో ఉంటే ఉండనీ, దాని మీద మన పేరు మన పేరులాగే ఉండాలని పట్టుబట్టడంలో తప్పు లేదు.

ఇదివరకే పడిపోయిన తప్పుకి ఫారం 8 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

కార్డు ఉంది కానీ జాబితాలో పేరు లేదంటున్నారు. కార్డు చూపిస్తే వేయనిస్తారా?

వేయనివ్వరు. కార్డు మీరెవరో చెప్పే గుర్తింపు మాత్రమే. ఓటు హక్కు జాబితాలో పేరుంటేనే వస్తుంది.

మా ఇంట్లోనే జరిగింది. 2019 ఏప్రిల్‌లో మా నాన్నగారు ఉతికిన పంచె కట్టుకుని ఏడింటికల్లా బూతుకి వెళ్ళారు. జాబితా రెండుసార్లు తిరగేసి పేరు లేదన్నారు. అంతకుముందు ఏడాది ఆయన నాలుగు నెలలు పాతపట్నంలో మా అక్క ఇంట్లో ఉన్నారు. ఇంటింటికీ తనిఖీకి వచ్చినప్పుడు తాళం వేసి ఉందని, ఊరు వదిలి వెళ్ళిపోయారని రాసేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. కార్డు చొక్కా జేబులోంచి తీయలేదు. భోజనానికి పిలిస్తే రాలేదు. అంతకుముందు ఏ ఒక్క ఎన్నికా వదలని మనిషి. నేను రోజూ ఊళ్ళోవాళ్ళ ఫారాలు నింపుతూ, మా నాన్న పేరు ఉందో లేదో చూడలేదు. ఆ తప్పు నాదే.

కాబట్టి పోలింగు రోజు దాకా ఆగకండి. డ్రాఫ్టు జాబితా వచ్చినప్పుడు ఒకసారి, తుది జాబితా వచ్చినప్పుడు ఒకసారి చూసుకోండి. ఎన్నికల షెడ్యూలు వచ్చాక కూడా కొన్నాళ్ళు టైముంటుంది, కానీ నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు జాబితాలో ఇంక ఎవరి పేరూ చేర్చరు. విచారణకు రోజులు పడుతుంది కాబట్టి దానికి పది రోజుల ముందే ఫారం అందేలా చూడండి. అప్లికేషన్ కొట్టేస్తే 15 రోజుల్లోపు కలెక్టరుకి అప్పీలు చేసుకోవచ్చు.

మీ బూతు ఓటరు జాబితా చూసుకునే ఉద్యోగి, అంటే బీఎల్‌ఓ, ఎవరో కూడా తెలుసుకుని ఉండండి. మన వైపు చాలాచోట్ల అంగన్‌వాడీ అమ్మో, స్కూలు టీచరో ఉంటారు. ఊరు వెళ్తుంటే పక్కింటివాళ్ళకి ఒక మాట చెప్పి వెళ్ళండి, "మేము ఊరెళ్ళేం గానీ ఇల్లు వదిలీలేదు" అని. బీఎల్‌ఓ వచ్చినప్పుడు వాళ్ళు ఆ మాట చెప్తే చాలు.

కార్డు పోయింది, జాబితాలో పేరు ఉంది. ఏం పట్టుకెళ్ళాలి?

ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫోటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల కార్డు, ఇలాంటివాటిలో ఏ ఒక్కటైనా చాలు. ఇంటికిచ్చే ఓటరు చీటీ ఒక్కటే పట్టుకెళ్తే కుదరదు. అది బూతు, క్రమసంఖ్య చూసుకోవడానికే.

బూతులో ఏం జరుగుతుంది? మా అమ్మ టెన్షన్ పడుతోంది.

లోపలికి వెళ్ళగానే మొదటి ఆఫీసరు జాబితాలో పేరు చూసి పైకి చదువుతారు. రెండో ఆఫీసరు ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ ఇస్తారు. ఆ చీటీ ఇస్తే మిషన్ ఆన్ చేస్తారు. అడ్డు వెనక్కి వెళ్ళి, కావలసిన గుర్తు పక్కనున్న నీలం బటన్ నొక్కాలి. ఎర్ర లైటు వెలుగుతుంది. పక్క పెట్టె గాజులోంచి ఆ గుర్తు ఉన్న కాగితం ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. పొడుగ్గా బీప్ శబ్దం వస్తే ఓటు పడినట్టు.

ఒడిశాలో అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకేసారి ఎన్నికలు జరుగుతున్నాయి. అందుకని రెండు మిషన్లుంటాయి. తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, గులాబీ కాగితం ఉన్నది ఎమ్మెల్యేకి. ఒకదాని దగ్గర నొక్కి తిరిగి వచ్చేస్తే రెండోది వేయనట్టే. పెద్దవాళ్ళకి ఈ సంగతి ఇంట్లోనే రెండుసార్లు చెప్పి పంపండి.

గుర్తుల సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో పొద్దస్తమానం తెలుగు టీవీయే నడుస్తుంది. ఎన్నికల ముందు రెండు నెలలు సైకిలు, ఫ్యాను, గ్లాసు తప్ప ఇంకోటి కనబడదు. 2024లో మా మామ్మని బూతుకి తీసుకెళ్తుంటే దారిలో నెమ్మదిగా అడిగింది, "ఒరే, ఆ మిషన్ల ఫేను ఏ వరసలో ఉంటాదిరా?" అని. ఆ పార్టీలు ఆంధ్రావి మామ్మా, మన దగ్గర శంఖం, కమలం, చెయ్యి, ఇంకా వేరే గుర్తులుంటాయి అని చెబితే రోడ్డు మీదే నిలబడిపోయింది. తర్వాత అరగంట చెట్టు కింద కూర్చుని, ఎవరెవరు నిలబడ్డారు, వాళ్ళు ఎవరి పిల్లలు, ఎవరు ఊరికి ఏం చేశారు అని అన్నీ అడిగి తెలుసుకుని అప్పుడు లోపలికి వెళ్ళింది. ఎవరికి వేసిందో మేము అడగలేదు, తను చెప్పలేదు.

మిషన్ మీద పేర్లు ఒడియా రాకపోతే కష్టమే, కానీ అభ్యర్థి ఫోటో, గుర్తు ఉంటాయి. ముందు గుర్తింపు పొందిన పార్టీలవాళ్ళు, తర్వాత మిగతా రిజిస్టరు పార్టీలు, చివర ఇండిపెండెంట్లు, ఏ గుంపుకి ఆ గుంపు అక్షరాల వరసలో ఉంటారు. ఒడియా అక్షరాల వరస మన అ, ఆ, క, ఖ వరసే.

చూపు లేనివాళ్ళు 18 ఏళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకెళ్ళొచ్చు. ఫోను మాత్రం లోపలికి తీసుకెళ్ళకూడదు.

మా తాతగారికి 87. బూతు దాకా నడవలేరు.

85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు. ఎన్నిక నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డి ఇవ్వాలి. ఆ ఐదు రోజులు చాలామందికి తెలియకుండానే గడిచిపోతాయి. ఆఫీసర్లు ఇంటికి వచ్చి బ్యాలెట్ కాగితం మీద ఓటు తీసుకుంటారు. ఒకసారి దీనికి ఒప్పుకుంటే మళ్ళీ బూతుకి వెళ్ళి వేయడం కుదరదు.

నేను వెళ్ళేసరికి నా ఓటు ఎవరో వేసేశారు!

ఊరికే తిరిగి రాకండి. మీరే ఆ మనిషని రుజువు చూపిస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు మీకు టెండర్డ్ ఓటు ఇవ్వాలి. అది మిషన్‌లో కాదు, కాగితం మీద వేసి కవరులో పెడతారు. మామూలుగా లెక్కలో కలపరు. కానీ ఫలితం మీద కేసు పడితే కోర్టు దాన్ని తెరిపించి చూడొచ్చు. గొడవ పడటం కన్నా ఆ కాగితం అడిగి తీసుకోవడం మంచిది.

విశాఖలో పని చేస్తున్నాను. అక్కడి నుంచే వేయొచ్చా?

కుదరదు, రావాలి. పోస్టల్ ఓటు సైన్యంలో ఉన్నవాళ్ళకి, ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్ళకి, ఇంకా కొద్ది రకాలవాళ్ళకే ఉంది. కానీ పోలింగు రోజు జీతంతో సెలవు మీ హక్కు. 1951 చట్టం 135బి సెక్షన్ ఆ మాట చెబుతోంది. వేరే ఊళ్ళో, వేరే రాష్ట్రంలో పని చేస్తున్నా, రోజుకూలీ అయినా అది వర్తిస్తుంది. మేస్త్రీకి ఓటరు కార్డు చూపించి ముందే అడగండి. పనికోసం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నవాళ్ళు మాత్రం ఓటు కూడా అక్కడికే మార్చుకోవాలి.

ఆంధ్రాలో డిగ్రీ చదివినవాళ్ళకి ఇంకో ఓటు ఉందంటారు. మనకి లేదా?

లేదు. అది శాసనమండలికి. ఒడిశాలో శాసనమండలి లేదు, అసెంబ్లీ ఒక్కటే.

మా అబ్బాయికి జూన్‌లో 18 నిండుతాయి. వచ్చే జనవరి దాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటున్నారు, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. జూన్‌లో 18 నిండితే జులై 1 లెక్కలోకి వస్తాడు. 17 నిండినవాళ్ళు ముందుగానే ఫారం 6 పెట్టి ఉంచొచ్చు.

ఇప్పుడు ఎన్నికలేం లేవు కదా, ఇప్పుడే చేయాల్సిన పని ఏమైనా ఉందా?

ఉంది. ఇంట్లో అందరి కార్డులూ ముందు పెట్టుకుని ఒక్కొక్క నంబరూ యాప్‌లో కొట్టి చూడండి. పేరు ఉందా, ఒక్కచోటే ఉందా, చనిపోయినవాళ్ళ పేర్లు ఇంకా ఉన్నాయా, ఒడియాలో పేరు ఎలా పడింది, ఇవన్నీ చూడండి. ఒడియా చదవడం రాకపోతే ఇంట్లో బడికి వెళ్ళే పిల్లల్ని పిలవండి. వాళ్ళకి వచ్చు.